బండకిందపల్లె గోల్‌కీపర్

ఆత్మకూరులో బడిపిల్లల ఆటల పోటీలకు రజిని వెళ్లింది పరుగుపందెం కోసం. ఫుట్‌బాల్ కోసం కాదు. ఆ ఆట పేరు విన్నది, బంతిని కాలితో తంతారని తెలుసు, అంతే. ఉదయగిరి కొండకు ఆనుకుని ఉన్న బండకిందపల్లె ఆమెది. బడి లేని రోజుల్లో నాయన నరసింహ వెంట గొర్రెల మంద తోలుకుంటూ, బడి ఉన్న రోజుల్లో బస్సు తప్పిపోతే ఉదయగిరి దాకా పరుగెత్తుకుంటూ పెరిగిన పిల్ల. పదమూడేళ్లు వచ్చేసరికి ఆమెతో పందేనికి బడిలో మగపిల్లలు కూడా మేం రాం అనేవాళ్లు.

పరుగుపందెం పొద్దున్నే అయిపోయింది. అనుకున్నట్టే రజిని మొదటొచ్చింది. బహుమానంగా ఇచ్చిన స్టీలు గిన్నెను ఒళ్లో పెట్టుకుని, గోడ నీడన కూర్చుని పులిహోర పొట్లం విప్పుతుండగా వాళ్ల బడి వ్యాయామ టీచరు లిదియమ్మ ఆదరాబాదరాగా వచ్చింది.

"రజినీ, లెయ్. అన్నం మళ్లీ తిందువుగానీ. గోల్‌లో నిలబడాల."

"యాడ నిలబడాల టీచర్?"

"చెప్తా రా. మన గోల్‌కీపర్‌కు బస్సు పడలా. పొద్దున్నించీ వాంతులే. లేవలేకుండా ఉండాది."

మైదానం చివర పాతిన రెండు గుంజల మధ్యకు రజినిని లాక్కుపోయి, లిదియమ్మ ఆ ఆట మొత్తాన్నీ మూడు ముక్కల్లో నేర్పేసింది. "ఈ సందులోనించి బంతి అవతలికి పోకూడదు. మిగతా పిల్లలంతా కాళ్లతోనే ఆడాల. నువ్వు ఒక్కదానివే చేతుల్తో పట్టుకోవచ్చు. అర్థమయిందా?"

"ఎవురన్నా మీద పడితే?"

"పడనీ. బంతి మాత్రం వదలొద్దు."

సందులోంచి అవతలికి పోకుండా ఆపడం! ఈ మాత్రం దానికి నేర్చుకునేదేముంది? కంప పక్కకు జరిగిన చోట గొర్రెలు చేలో పడకుండా అడ్డం నిలబడటం నడక వచ్చినప్పటినుంచీ ఆమె చేస్తున్న పనే. గొర్రె ఎటు దూకేదీ దాని కాళ్లకంటే ముందు భుజం చెబుతుంది. ఎదుటి జట్టు పిల్ల బంతి తీసుకుని వస్తుంటే రజిని ఆ పిల్ల భుజం వైపే చూసింది. కుడి భుజం కాస్త వంగింది. రజిని ఆ పక్కకు దూకింది. బంతి వచ్చి రెండు చేతుల్లో పడింది.

పడిన బంతిని ఏం చెయ్యాలో లిదియమ్మ చెప్పలేదు. రజిని దాన్ని గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు చంకలో ఇరికించుకుని ఎదుటి గోల్ వైపు పరుగు తీసింది.

మైదానమంతా ఒక్కసారి గొల్లుమంది. రిఫరీ విజిల్ ఊదుతూ వెంటపడ్డాడు. "ఆగమ్మా! ఓ పాపా, ఆగు!" ఆయన పెద్ద వయసు మనిషి, పొట్ట కూడా ఉంది. అందుకోలేకపోయాడు. విజిల్ తన కోసమేనని రజినికి తెలిసేసరికి సగం మైదానం దాటిపోయింది.

"చేత్తో పట్టుకునేది ఆ గీత లోపలేనమ్మా," అన్నాడాయన రొప్పుతూ. "గీత దాటితే నువ్వు కూడా కాళ్లతోనే."

"గీత యాడుంది సార్?"

నిజమే. పొద్దుటి పరుగుపందేల తొక్కుడుకు సున్నపు గీత చెరిగిపోయింది. ఆయన బూటు కొనతో మట్టిలో మళ్లీ గీసి చూపించాడు. రజిని ఆ గీతను జాగ్రత్తగా చూసుకుంది. ఆ తర్వాత మళ్లీ తప్పు చెయ్యలేదు.

సాయంత్రం ఫైనల్ ఆత్మకూరు పిల్లలతోనే. సంత నుంచి తిరిగిపోతున్నవాళ్లు, డిపోలో డ్యూటీ దిగిన డ్రైవర్లు, కండక్టర్లు అందరూ వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. వాళ్లంతా సొంతూరి జట్టు కోసం వచ్చినవాళ్లే. కానీ ఉదయగిరి గోల్‌లో ఉన్న పిల్ల దుమ్ములో దొర్లుతూ, లేస్తూ, మళ్లీ దూకుతూ బంతి వెంట బంతి పట్టేస్తుంటే వాళ్లకు తెలియకుండానే గొంతులు మారిపోయాయి. "పట్టుకో పిల్లా! అద్గదీ!" ఒకసారి ఆత్మకూరు కెప్టెన్ మరీ దగ్గరనుంచి కొట్టిన బంతి తిన్నగా వచ్చి రజిని మొహానికి తగిలింది. ముక్కులోంచి రక్తం కారింది. ఆమె బంతి మీద బోర్లా పడి రెండు చేతులతో దాన్ని కరుచుకుంది. లిదియమ్మ పరుగెత్తుకొచ్చి మొహం ఎత్తి చూస్తే, ఆ రక్తంలోనే పళ్లు బయటపెట్టి నవ్వుతోంది.

"నొప్పిగా ఉందా?"

"బంతి పోలేదు గదా టీచర్?"

పోలేదు. ఉదయగిరి పిల్లలు ఒక్క గోల్ కొట్టారు, అదే గెలుపైంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన ముక్కులో దూది పెట్టుకుని కూర్చున్న రజిని, దారి పొడుగునా ఒకే మాట అడిగింది. "మళ్లీ ఎప్పుడు టీచర్ ఈ ఆట?" ఇంటికి చేరాక తల్లి దేవకమ్మ, "పందెంలో ఏమిచ్చినారే?" అంటే అప్పుడు గుర్తొచ్చింది, స్టీలు గిన్నె ఆత్మకూరులో గోడ పక్కనే ఉండిపోయిందని.

ఆ ఎండాకాలం నరసింహ మందను సంగం వైపు తోలాడు. కోతలైన వరి మళ్లలో మంద ఆపితే మడికి ఎరువు, గొర్రెలకు మేత, కాపరికి నాలుగు బస్తాల ధాన్యం. ఏటా ఇంటిల్లిపాదీ పోయేదే. కాలువ గట్టు మీద గుడారం వేసుకుని ఉన్న వాళ్ల దగ్గరికి ఒకరోజు ఎర్రటి ఎండలో స్కూటీ మీద లిదియమ్మ వచ్చింది. అనంతపురంలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే హాస్టల్ ఉందట. రజినిని పంపించమని అడగడానికి అంత దూరం వచ్చింది.

నరసింహ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇంత దూరం ఎండనపడి వచ్చినారు, మిమ్మల్ని కాదనేదానికి నాకు నోరు రాలా టీచరమ్మా. కానీ మందెనక పరిగెత్తేది ఈ పిల్లే. నా మోకాళ్లు పోయినాయి. దీన్ని పంపించి నేనేం చేసేది?"

"నరసింహన్నా, నీ బిడ్డ ఆట నువ్వు చూళ్లేదు. చూసుంటే ఈ మాట అనవు."

"ఏందమ్మా చూసేది? బంతి తన్నేది గదా."

"తన్నేది గాదు నాయనా, ఆపేది!" గుడారం వెనకనుంచి రజిని గట్టిగా అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

అంతవరకూ ఆకువక్క నములుతున్న అవ్వ సుబ్బరత్నమ్మ అప్పుడు కలగజేసుకుంది. "ఆడ కూడు పెడతారా టీచరమ్మా?"

"మూడు పూటలా పెడతారవ్వా. పొద్దున గుడ్డు, పాలు. వారానికి రెండుసార్లు మాంసం."

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "విన్నావంట్రా? ఇంత మంద పెట్టుకుని మనం మాంసం తినేది జాతరకే. పిల్ల ఆడ వారానికి రెండు తూర్లు తింటాదంట. పోనీరా!"

"మంద ఎవురు తిప్పతారుమా?"

"నేను తిప్పతా. నువ్వు పుట్టకముందునించి తిప్పతా ఉండా." ఆ మాటతో అవ్వ పక్కనున్న కర్ర అందుకుని లేచింది. లేచి, నిజంగానే మంద వైపు నడిచిపోయింది. దాంతో మాట అయిపోయినట్టే.

అనంతపురం హాస్టల్లో మొదటి నెలంతా రజిని దుప్పటి కప్పుకుని ఏడ్చింది. రెండో నెల నుంచి ఏడవడానికి తీరిక దొరకలేదు. పొద్దున్నే లేవడం, పరుగెత్తడం, దూకడం, పడటం, మళ్లీ లేవడం. మోచేతులు చెక్కుకుపోయి, మానిపోయి, మళ్లీ చెక్కుకుపోయేవి. పదిహేడేళ్లకు రాష్ట్ర జట్టులో గోల్‌కీపర్ అయింది. పందొమ్మిదో ఏట భారత జట్టు శిబిరానికి పిలుపొచ్చింది. ఆ కబురు విన్నరోజు లిదియమ్మ ఉదయగిరి సెంటర్లో కనిపించిన ప్రతి ఒక్కరికీ టీ తాగించిందట.

కానీ ఆ శిబిరం నుంచి రజిని తొందరగానే తిరిగొచ్చేసింది. అక్కడి కోచ్ కేరళ మనిషి, మంచివాడు. మెత్తగానే చెప్పాడు. "నీ చేతులు బాగున్నాయి. ధైర్యం ఉంది. ఎత్తు లేదు. పై బార్ కిందికి వచ్చే బంతి నీకు అందడం లేదు. నేను అన్నీ నేర్పగలను గానీ ఎత్తు పెరగడం నేర్పలేను." అది అబద్ధమని రజిని అనలేకపోయింది. శిబిరంలో తక్కిన గోల్‌కీపర్లంతా తనకంటే జానెడు పొడుగు. పై మూలలకు వచ్చిన బంతులు వేళ్ల కొసల మీదుగా వలలోకి పోతుంటే తన కళ్లతో తనే చూసింది.

ఇంటికొచ్చింది. ఆట మానేస్తానని తల్లితో అంది. మర్నాడు కర్ర పట్టుకుని అవ్వ వెంట మందలోకి పోయింది. కొండ వాలులో ఒకచోట కంది చేను కంప ఊడిపోయి సందు పడి ఉంది. రజిని అలవాటుగా పోయి ఆ సందులో అడ్డం నిలబడింది. మందలో ఒక కొవ్విన పొట్టేలుంది. అది దూరం నుంచే వేగం పుంజుకుని వచ్చి, ఒక్క ఎగురు ఎగిరి, ఆమె భుజం మీదుగా దూకి చేలో పడింది.

అవ్వ అరుపు కొండంతా మోగింది. "ఏందిమే ఆ నిలబడేది! సందులో దిష్టిబొమ్మ మాదిరి నిలబడితే నీ నెత్తి మీదనించి దూకదా? ముందుకు పో! దాని మొహం మీదికి పో! అది ఎగిరేదానికి జాగా ఇయ్యొద్దు!"

రజిని అలాగే నిలబడిపోయింది. పొట్టేలు చేలో హాయిగా కంది కొమ్మలు కొరుకుతోంది. అవ్వ తిడుతూనే ఉంది. రజినికి మాత్రం గుండె దడదడ కొట్టుకుంటోంది. బంతి పైకి లేచి, దూరం వచ్చి, బార్ కింద దిగితే కదా తనకు అందనిది? అసలు పైకి లేవనిస్తేనే కదా! గోల్ గీత మీద నిలబడి దాని కోసం కాచుకునేది ఎందుకు? కొట్టే మనిషి మీదికే పోతే? కొట్టకముందే పోతే?

"అవ్వా, మందను చూసుకో!" అని కర్ర అక్కడే పడేసి కొండ దిగి ఉదయగిరికి ఒకే పరుగు. "పొట్టేలు చేలో ఉండాదే, దాన్ని తోలిపో!" అని అవ్వ వెనకనుంచి అరుస్తూనే ఉంది.

లిదియమ్మ ఇంటి గడపలో రజిని ఊపిరి తిప్పుకోకుండా తనకు తట్టిందంతా చెప్పింది. లిదియమ్మ సగం విని చెప్పులేసుకుంది. ఆ సాయంత్రమే డిగ్రీ కాలేజీ మైదానంలో ఆడుకుంటున్న కుర్రాళ్లను పోగేసింది. "ఈ అక్క మీదికి బంతి తీసుకురావాల. గట్టిగా కొట్టాల. ఆడపిల్ల అని చూడొద్దు." మొదట వాళ్లు మొహమాటపడ్డారు. రజిని గోల్ వదిలి దూసుకొచ్చి కాళ్ల మీదనుంచి బంతి లాక్కుని, "ఏందబ్బా, మధ్యాహ్నం అన్నం తిన్లేదా?" అనేసరికి రోషమొచ్చింది. ఆ తర్వాత ఎవరూ తగ్గలేదు. ఎప్పుడు బయటికి రావాలి, ఎంత దూరం రావాలి, ఎదుటివాడి కాలు బంతికి ఒక అడుగు దూరమైన ఆ క్షణంలో ఎలా పడిపోవాలి, ఇవన్నీ ఒకటొకటే ఒంటికి దెబ్బలుగా తగిలి వచ్చాయి. చిటికెన వేలు విరిగింది. ఒక పన్ను కొసన ముక్క లేచిపోయింది. వానలు మొదలయ్యేదాకా ఒక్క సాయంత్రం ఆగలేదు.

ఆ ఏడు జాతీయ పోటీల్లో ఆంధ్ర జట్టు ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకు మొదట అర్థం కాలేదు. ఈ పొట్టి పిల్ల గోల్ వదిలేసి ఎక్కడికి పోతోంది? తర్వాత అర్థమైంది. ఎదుటి జట్టు మనిషి బంతితో తల ఎత్తేసరికి ఆమె ఎదురుగా ఉంటోంది. కొట్టడానికి చోటు లేదు, ఆలోచించడానికి వ్యవధి లేదు. చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడి చూశారు. కేరళ కోచ్ కూడా ఆ గుంపులో ఉన్నాడు. ఆట అయ్యాక ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వేమీ ఎత్తు పెరగలేదే," అన్నాడు ఆశ్చర్యంగా.

"లేదు సార్. ముందుకొచ్చినాను," అంది రజిని.

ఆయన గట్టిగా నవ్వాడు. వారం తిరక్కుండా శిబిరం నుంచి పిలుపొచ్చింది. ఈసారి ఆమె వెళ్లింది తిరిగి రావడానికి కాదు.

రజిని ఆటల్లో జనం ఇప్పటికీ చెప్పుకునేది పరాయి దేశంలో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీ ఆఖరి ఆట. ఆతిథ్య జట్టుకు డ్రా అయినా చాలు. మనం మాత్రం గెలిచి తీరాలి. మధ్యాహ్నం మొదలైన వాన ఆగలేదు. స్టేడియమంతా వాళ్ల జనమే. వాళ్ల డోళ్ల మోతకు రజినికి తన గొంతు తనకే వినబడటం లేదు. మొదటి సగమంతా బంతి మన వైపే ఉంది. వాళ్ల ముందువరస పిల్ల ఒకతె తాటిచెట్టంత పొడుగు. ఆమె బంతి తీసుకున్న ప్రతిసారీ రజిని తడిసిన గడ్డి మీద జారుకుంటూ పోయి కాళ్ల దగ్గరే బంతి ఊడలాక్కుంది. రెండో సగంలో ఒకసారి ఇద్దరూ ఢీకొన్నారు. రజిని కనుబొమ్మ చిట్లింది. డాక్టర్ కట్టు కడుతూ, "బయటికి వస్తావా?" అంటే ఆమె లేచి గ్లవ్స్ బిగించుకుంది.

ఆట చివరికొచ్చింది. ఇద్దరికీ గోల్ లేదు. రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. ఆతిథ్య జట్టుకు మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్ దొరికింది. ఇక అయిపోయినట్టేనని వాళ్ల జనం పాటలు మొదలుపెట్టారు. డ్రా కాదు, గెలిచే ముగించాలని వాళ్ల జట్టంతా మన గోల్ ముందుకు వచ్చేసింది. బంతి వానలో గిర్రున తిరుగుతూ గాల్లోకి లేచింది. పొడుగు పిల్ల తలతో కొట్టడానికి ఎగరబోతోంది. రజిని గీత మీద ఆగలేదు. ఆ గుంపులోకి, ఆ మోచేతుల్లోకి పరుగెత్తుకు పోయి, అందరికంటే ముందు ఎగిరి, రెండు చేతులతో బంతిని లాగేసుకుంది.

నేల మీదికి దిగడమే ఆలస్యం, ఆమె కళ్లు ముందుకు చూశాయి. అవతలి సగమంతా ఖాళీ! ఎడమ పక్కన మన పిల్ల ఒక్కతే చెయ్యెత్తి పరుగెడుతోంది. రజిని చేత్తో పట్టుకోగలిగే గీత అంచు దాకా నాలుగు అంగలు వేసి చెయ్యి వెనక్కి తీసింది. జొన్న చేలల్లో పిట్టల మీద ఒడిసెల తిప్పి రాళ్లు విసిరిన చెయ్యి అది. బంతి వానను చీల్చుకుంటూ సగం గీత దాటి, ఆ పిల్ల పరుగుకు సరిగ్గా ముందు పడింది. ఆమె వెంట ఒక్కరే పడ్డారు, అందుకోలేకపోయారు. వాళ్ల గోల్‌కీపర్ ఎటు దూకాలో తేల్చుకునేలోపే బంతి వల మూలలో ఉంది.

డోళ్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మన బెంచీ మీదనుంచి కేకలు ఒక్కటే వినబడ్డాయి. రజిని వానలో మోకాళ్ల మీద కూలబడి రెండు పిడికిళ్లూ ఎత్తి అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలియదు. కేరళ కోచ్ గొడుగు విసిరేసి మైదానంలోకి పరుగెత్తుకొచ్చాడు.

బట్టలు కూడా మార్చుకోకముందే నాయనకు వీడియో కాల్ చేసింది. తెరమీద నరసింహ మొహం, పక్కన ఇంకో మొహం. ఆత్మకూరు దగ్గర పెద్ద రైతు సురేంద్రబాబు. ఇద్దరూ ఒకే ఫోన్‌లో ఆట చూశారు. ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు.

"గెలిచినాం గదమ్మా! నువ్వు ఇసిరినావు చూడు, ఆ ఇసురు..." నరసింహ తను కూడా చెయ్యి విసిరి చూపించాడు.

"నాయనా, మంద ఎవురు చూస్తా ఉండారు?"

నరసింహ చటుక్కున వెనక్కి తిరిగాడు. ఫోన్ కూడా ఆయన వెంట తిరిగింది. పచ్చటి వరి మడి నిండా తెల్లటి గొర్రెలు. ఆట ఎప్పుడు రంజుకెక్కిందో అప్పుడే మంద మొత్తం మడిలోకి దిగిపోయింది. కాపరీ చూడలేదు, మడి ఆసామీ చూడలేదు.

"అయ్యో సామీ, మీ మడి..." నరసింహ నెత్తి కొట్టుకున్నాడు.

"పోనీలేరా నరసింహా! పైరు మళ్లీ పెట్టుకోవచ్చు. ఇట్టాంటి ఆట మళ్లీ వస్తాదా?" సురేంద్రబాబు ఫోన్ లాక్కున్నాడు. "అమ్మా రజినీ, ఆ దెబ్బకు మందు రాయించుకున్నావా? ముందు ఆ పని చూడు!"

ఆమె తిరిగొచ్చినరోజు ఆత్మకూరు డిపో ముందు బస్సులన్నీ ఒకేసారి హారన్లు మోగించాయి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్లు ఒక పెట్టె నిండా గరిటెలు తెచ్చి చేతిలో పెట్టారు. బండకిందపల్లెలో అవ్వ దండలన్నీ పక్కకు నెట్టి, చిట్లిన కనుబొమ్మ మీద వేలు పెట్టి చూసి, "మాంసం తింటా ఉండావా లేదా?" అంది.

ఆ తర్వాతి ఏళ్లన్నీ రజినివే. జట్టుకు కెప్టెన్ అయింది. విదేశీ క్లబ్బులో మూడు సీజన్లు ఆడింది. గోల్‌కీపర్ అంటే గీత మీద నిలబడాలనే మాట మన దేశంలో ఆడపిల్లల ఆటలో చెల్లకుండా పోయింది. ఉదయగిరి, కలిగిరి వైపు బడుల్లో ఇదివరకు గోల్‌లో నిలబడమంటే మూతి ముడుచుకునే పిల్లలు, ఇప్పుడు ఆ చోటు కోసం పోట్లాడుకుంటున్నారు.

ముప్పై దాటాక ఒళ్లు మునుపటిలా లేదు. అంతకంటే పెద్ద సంగతి, ఆటలో కొత్తదనం లేదు. ఎవరు ఎటు కొడతారో ముందే తెలిసిపోతోంది. పట్టినా సంతోషం రావడం లేదు. ఉదయగిరి డిగ్రీ కాలేజీ మైదానంలో ఆమె పేరున ఒక ఆట పెడతామని ఊరివాళ్లు అంటే ఒప్పుకుంది. రజినితో కలిసి రాష్ట్ర క్రీడాకారిణుల జట్టు ఒకవైపు, ఈ మండలాల బడిపిల్లల జట్టు ఒకవైపు. ఆట అయ్యాక మైకు తీసుకుని, ఇక సెలవని చెప్పేయాలని నిర్ణయించుకుంది. ఆ మాట లిదియమ్మకు మాత్రమే చెప్పింది. రిటైరై, కాస్త వంగిపోయిన లిదియమ్మ "నీ ఇష్టమమ్మా" అని ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

బడిపిల్లల జట్టులో కలిగిరి నుంచి వచ్చిన నవ్యశ్రీ అనే పిల్ల ఉంది. పదహారేళ్లు, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. ఆటకు ముందు రజినితో సెల్ఫీ దిగడానికి వచ్చి, కంగారులో ఫోన్ కింద పడేసుకుంది. మొదటి సగంలో ఆ పిల్ల బంతితో ఒకసారి దూసుకొచ్చింది. రజిని ఎప్పటిలాగే ముందుకొచ్చి కాళ్ల దగ్గరే తీసేసుకుంది. "మళ్లీ రా," అని నవ్వి భుజం తట్టింది. నవ్యశ్రీ నవ్వలేదు. బంతి పోయిన చోటునే చూస్తూ వెనక్కి నడిచింది.

రెండో సగంలో మళ్లీ వచ్చింది. ఇద్దరిని తప్పించుకుని ఒంటరిగా వచ్చింది. మైదానం చుట్టూ జనం లేచారు. రజిని బయలుదేరింది. మామూలుగా ఈ పాటికి ఎదుటివాళ్లు కంగారుపడి కొట్టేస్తారు. ఈ పిల్ల కొట్టలేదు. ఆగింది. రజిని ఇంకా దగ్గరికొచ్చింది. అప్పుడు కూడా ఆగింది. ఇక పడిపోయి బంతి లాక్కోవడమేనని రజిని మోకాలు వంచిన ఆ రెప్పపాటులో, నవ్యశ్రీ బూటు కొన బంతి కిందికి దూర్చి మెల్లగా, పూలబుట్ట ఎత్తినంత మెల్లగా పైకి లేపింది. రజిని చెయ్యి చాచింది. బంతి ఆమె తల మీదుగా పోయి, ఒకసారి నేలకు తగిలి, తీరుబడిగా గోల్‌లోకి దొర్లింది.

మైదానం బిక్కచచ్చిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. గోల్ కొట్టిన పిల్లే భయపడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

రజిని నేల మీద పడి ఉండి బంతి వైపు చూసింది. సిగ్గు రాలేదు, కోపమూ రాలేదు. ఎన్నేళ్లయిందో ఇలా గుండె కొట్టుకుని! ఎగిరి లేచి నవ్యశ్రీ దగ్గరికి పరుగెత్తింది.

"యాడ నేర్చినావే ఇది?"

"ఫోన్‌లో మీ ఆటలన్నీ చూసినానక్కా." పిల్ల గోల్ వైపు చూపించింది. "మీరు ముందుకొస్తారని అందరికీ తెలుసు. అందరూ భయపడి ముందే కొట్టేస్తా ఉండారు. మీరు పూర్తిగా వచ్చిందాకా ఆగితే... మీ వెనకంతా ఖాళీ గదక్కా."

రజిని తల వెనక్కి వాల్చి నవ్వింది. పిల్లను గబుక్కున ఎత్తి గిరగిరా తిప్పింది. అప్పుడు పడ్డాయి చప్పట్లు! లిదియమ్మ కుర్చీలోంచి లేచి కండువా ఊపుతోంది.

ఆ తర్వాత జరిగింది ఊరివాళ్ల కోసం పెట్టిన ఆటలా లేదు. నవ్యశ్రీ బంతి పట్టినప్పుడల్లా రజిని ముందుకు వస్తున్నట్టే వచ్చి ఆగేది. పిల్ల కూడా ఆగేది. ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటుంటే జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. ఇంకోసారి నవ్యశ్రీ అలాగే బంతిని లేపింది. రజిని వెనక్కి వెనక్కి పరుగెత్తి, గాల్లో వెల్లకిలా లేచి, వేలి కొసతో బంతిని బార్ మీదుగా నెట్టేసింది. మైదానం అదిరిపోయింది. చివరికి రాష్ట్ర జట్టే ఒక గోల్ తేడాతో గెలిచింది. కానీ ఎవరు గెలిచారని అడిగినవాళ్లు లేరు.

మైకు చేతికిచ్చారు. రజిని ఒంటినిండా దుమ్ము, ఇంకా రొప్పుతోంది.

"అందరికీ నమస్కారం. ఈరోజు మీకు ఒక మాట చెప్దామని వచ్చినాను. రాత్రంతా కూర్చుని నేర్చుకున్నా కూడా." ఆమె ఆగి, పక్కన నీళ్ల ప్యాకెట్ కొరుక్కుని తాగుతున్న నవ్యశ్రీ వైపు చూసింది. "ఆ మాట చెప్పను. ఈ కలిగిరి పిల్ల నాకు కొత్త పని పెట్టింది. దీని బంతి ప్రతిసారీ పట్టేదాకా నేను గ్లవ్స్ విప్పేది లేదు!"

ఈలలు, కేకలు. లిదియమ్మ తొడ చరిచి నవ్వుతోంది. రజిని మైకు పక్కకు పెట్టి నవ్యశ్రీ భుజం పట్టుకుంది.

"రేపు బడి ఉండాదా?"

"ఆదివారమక్కా."

"మీ అమ్మావాళ్లతో నేను ఫోన్‌లో మాట్లాడతా. ఈ పూటకు మా ఇంట్లో పడుకో. పొద్దున్నే ఇక్కడ ఉండాల, ఇద్దరమూ."

ఆ మర్నాటి నుంచి వీలున్న ప్రతి ఆదివారం వాళ్లిద్దరూ ఆ మైదానంలో కనిపించారు. ఏడాది తిరిగేసరికి నవ్యశ్రీ జూనియర్ భారత జట్టు శిబిరానికి వెళ్లింది. రజిని ఇంకో రెండు సీజన్లు ఆడింది. తన ఆటలన్నిటిలోకీ మంచి ఆట ఆ రెండు సీజన్లలోనే ఆడానని ఆమె ఎవరడిగినా చెబుతుంది.